గుమ్మం దాకా

గోడకున్న పెద్ద తెరమీద సువార్త పేరు పక్కన ఎర్రగీత నిటారుగా పైకి లేచింది. దాని కిందే చిట్టబ్బాయి పేరు, ఆ పక్కన ఆకుపచ్చ గీత. అది మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషిలా నిమ్మళంగా కిందికి వాలుతోంది. నూకరత్నం ఆ రెండు గీతల్నీ చూసింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. గీతలు మారలేదు.

“డాక్టరుగారూ, మీ మిషను తలకిందులుగా బిగించినట్టున్నారండి,” అంది.

డాక్టర్ ప్రద్యుమ్న తెరవైపు ఓసారి చూసి, అలా బిగిస్తే పేర్లు కూడా తలకిందులుగానే కనపడతాయని ఎంతో మర్యాదగా వివరించాడు. ఆయనకి వేళాకోళం అర్థం కాదు. అర్థం కాకపోగా, దానికి జవాబు కూడా చెబుతాడు.

లేచిన గీత అంటే రోగి ఒంట్లో అలజడి. వాలిన గీత అంటే ఊరట. యంత్రం చెబుతున్నదల్లా ఏమిటంటే, సువార్త వచ్చి పక్కన కూర్చుంటే రోగుల గుండె దడదడలాడుతోంది, చిట్టబ్బాయి కూర్చుంటే హాయిగా సర్దుకుంటోంది. ఇందులో వింతేముంది అనిపించవచ్చు. వాళ్లిద్దరూ ఎలాంటివాళ్లో తెలిస్తే నూకరత్నం ఎందుకు కళ్లజోడు తుడుచుకుందో తెలుస్తుంది. అది తెలియాలంటే ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి.

ఈ కథ జరిగే నాటికి కాకినాడలో సముద్రం కాస్త ముందుకీ, జనం కాస్త వెనక్కీ జరిగారు. జగన్నాథపురం వంతెన కింద బ్యాటరీ పడవలు సిటీబస్సుల్లా తిరుగుతున్నాయి. ఉప్పుటేరు ఒడ్డున ఎత్తయిన స్తంభాల మీద కట్టిన కొత్త ఆసుపత్రిలో మందు వేసేది రోబో, సెలైన్ మార్చేది రోబో, దుప్పటి సర్దేది రోబో. ఒక్క పని మాత్రం వాటివల్ల కాలేదు. రోగి పక్కన కుర్చీ లాక్కుని ఊరికే కూర్చోవడం. కూర్చోబెట్టి చూశారు కూడా. అవి కుదురుగానే కూర్చున్నాయి గాని రోగులు కుదురుగా ఉండలేదు. దాంతో మళ్లీ మనుషులే కావలసివచ్చారు. అలా వచ్చి కూర్చునే వాలంటీర్లందరికీ పైన సూపర్‌వైజర్ నూకరత్నం.

ఆవిడ అంతకుముందు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసింది. ఆ గొంతు ఇంకా అలాగే ఉంది. ఎవరు ఏ వార్డుకి పోవాలో, ఎవరి మాట ఎవరికి పడుతుందో అంతా ఆవిడ కళ్లతోనే కొలుచుకునేది. వాలంటీరుగా చేరినవాళ్లకి మొదటిరోజే ఒక కట్టుబాటు చెప్పేది. రోగి దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు. పండు కాదు, ఫలహారం కాదు, ఆఖరికి గుక్కెడు మంచినీళ్లు కూడా. సేవకి వచ్చినవాళ్లు చుట్టాల్లా కూర్చోకూడదని ఆవిడ పట్టుదల. అదివరకు ఒకరిద్దరు రోగుల సంచుల్లో చేతులు పెట్టిన సంఘటనలున్నాయి కాబట్టి ఆ పట్టుదలని తప్పు పట్టడానికి లేదు.

సువార్త ఆ కట్టుబాటుకి ప్రాణం పోసినట్టుండే మనిషి. ఇస్త్రీ చీర, మెత్తటి మాట, సంచిలో సొంత నీళ్లసీసా. వచ్చి కూర్చుంటుంది, అడిగితే చదివి వినిపిస్తుంది, వేళ అవగానే దణ్ణం పెట్టి లేచిపోతుంది. అంతసేపూ ఇంకొకరి వస్తువు మీద చెయ్యి కూడా వేయదు. కొత్తగా వచ్చేవాళ్లందరికీ నూకరత్నం ఆవిణ్ణే చూపించేది.

చిట్టబ్బాయి కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన వార్డులోకి వచ్చే వేళా, ఫలహారం బండి వచ్చే వేళా ఎప్పుడూ ఒకటే. కమలాపండు ఒలిచి రోగికి సగం పెట్టి, తను సగం తింటాడు. తను తినేది పెద్ద సగం. ఆ తర్వాత కుర్చీలోనే కునుకు తీస్తాడు. నూకరత్నం నచ్చజెప్పింది, కసిరింది, ఇంకోసారి ఇలా చేస్తే బ్యాడ్జి లాక్కుంటానంది. ఆయన అన్నిటికీ “అలాగేనండి” అని, మర్నాడు అలాగే చేశాడు. ఆ వారం ఆయన్ని ఎలాగైనా సాగనంపెయ్యాలని ఆవిడ తీర్మానించుకుంది. ఇంతలో ఈ యంత్రం వచ్చి ఆసుపత్రి మొత్తానికి ఆయన్నే మొదటివాడిగా నిలబెట్టింది.

ఆ యంత్రానికి ప్రద్యుమ్న పెట్టిన పేరు కంపానియన్ రెస్పాన్స్ మానిటర్. వార్డులో అందరూ దాన్ని ఊరటమీటరు అనేవారు. పనితీరు తేలికే. పరుపు కింద కాగితమంత పల్చటి పట్టా పరుస్తారు. దానిలో ఉన్న సెన్సర్లు రోగిని ముట్టుకోకుండానే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఊపిరి ఎంత లోతుగా ఉందో, ఒంటికి చెమట పడుతోందో లేదో వింటూ ఉంటాయి. వాలంటీరు బ్యాడ్జి మంచం దగ్గరికి రాగానే ఒక కంప్యూటర్ లెక్క మొదలుపెడుతుంది. ఈ మనిషి వచ్చాక ఈ ఒళ్లు సర్దుకుందా, బెదిరిందా? ఆ లెక్కని బట్టి రేపు ఎవరు ఎవరి దగ్గర కూర్చోవాలో అదే చెబుతుంది. ఎవరొచ్చినా గీత పైకే లేస్తున్న రోగి ఉంటే, పాపం వీళ్లకి మనుషులు పడటంలేదని ఆ గది అద్దం తలుపుని వాలంటీర్ల బ్యాడ్జీలకి తెరుచుకోకుండా మూసేస్తుంది.

నిజానికి అది చాలా మంచి యంత్రం. పసిపిల్లల వార్డులోనూ, మాట పడిపోయిన రోగుల దగ్గరా అద్భుతంగా పనిచేసింది. ప్రద్యుమ్న కూడా మంచివాడే. తల్లిదండ్రులు ఉద్యోగాలరీత్యా ఊళ్లు తిరుగుతుంటే చిన్నతనమంతా హాస్టళ్లలో గడిచింది. చుట్టంగా ఒకరింటికి పోయిందీ లేదు, ఒక చుట్టానికి ఎదురెళ్లిందీ లేదు. కాబట్టి గుండె వేగంగా కొట్టుకుంటే అది భయమే అయివుండాలని ఆయన నమ్మాడు. యంత్రానికీ అదే నేర్పాడు.

ఈ గొడవంతా నూకరత్నం ఎలాగోలా సర్దుకునేదే. కాని ఆరో వార్డు చివరి గదిలో బుల్లెమ్మాయి ఉంది.

బుల్లెమ్మాయి రేవులో పడవ టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసింది. పెళ్లి చేసుకోలేదు. రేవు పక్కనున్న క్వార్టర్సులో ఆవిడ వాటా తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందని, పడవ తప్పిపోయినవాళ్లు తర్వాతి పడవ వచ్చేదాకా అక్కడే కూర్చుంటారని, ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చిన పక్కవాటావాళ్లు చెప్పారు. తడి మెట్టు మీద జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. కొత్త కీలు బ్రహ్మాండంగా కుదిరిందని డాక్టర్లే మురిసిపోయారు. వచ్చిన చిక్కల్లా ఆవిడ మంచం దిగనంటోంది.

నడిపించే రోబో వచ్చి రెండు చంకల కిందా చేతులు పెట్టి లేపితే ఆవిడ బియ్యంమూటలా కూలబడిపోయేది. ఫిజియోథెరపీ పిల్ల బతిమాలింది. ఇక్కణ్ణించి ఆ గోడ దాకా నాలుగడుగులు వేసి వచ్చేద్దాం బామ్మగారూ అంది. బుల్లెమ్మాయి గోడవైపు ఓసారి చూసి, అక్కడేముందని నడవాలి, అని అడిగింది. పడుకునే ఉండటంతో ఛాతీలో అప్పటికే గరగర మొదలైంది. ఇలాగే ఉంటే ఊపిరితిత్తులకి నిమ్ము చేరుతుందనీ, ఆ వయసులో నిమ్ము చేరితే తాము చెయ్యగలిగింది ఏమీ ఉండదనీ పెద్ద డాక్టరు నూకరత్నాన్ని పక్కకి పిలిచి చెప్పాడు. మంచి మాటకారి వాలంటీరుని ఎవరినైనా పంపి చూడమన్నాడు.

నూకరత్నం సువార్తని పంపింది. గీత లేచింది. కాలేజీలో పాఠాలు చెప్పి మానేసిన ఇంకొకావిడని పంపింది, గీత ఇంకా లేచింది. భజన పాటలు బాగా పాడే ఒకాయన్ని పంపింది. యంత్రం ఇక ఊరుకోలేదు. ఈవిడకి మనుషులు పడరు అని తేల్చేసి తలుపు మూసేసింది. ఆ గది బయట చిన్న ఎర్రదీపం వెలిగింది.

ఆ ఎర్రదీపం చూస్తే నూకరత్నానికి ఒళ్లు మండింది. తన సూపర్‌వైజర్ బ్యాడ్జికి ఏ తలుపైనా తెరుచుకుంటుంది కాబట్టి తనే లోపలికి వెళ్లింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎలా ఉంది పిన్నిగారూ అని పలకరించింది. బుల్లెమ్మాయి కూర్చోమంది. కాసేపు ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. ఆ మాట్లాడుతున్నంతసేపూ ముసలావిడ చూపులు బల్లమీదికీ, తలుపువైపుకీ, మళ్లీ బల్లమీదికీ తిరుగుతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి మొహం గోడవైపు తిప్పేసుకుంది.

“ఇహ మీరెళ్లండి తల్లీ. మీకు పనులుంటాయి.”

బయటికి వచ్చేసరికి ప్రద్యుమ్న చేతిలో గీతలు చూపించే టాబ్లెట్ పలక పట్టుకుని నిలబడి ఉన్నాడు. చూపించనా వద్దా అని తటపటాయించి, చివరికి చూపించాడు. యంత్రం పెట్టిన రోజు నుంచి ఈ ఆసుపత్రిలో ఎవరి పక్కనా ఏ రోగికీ అంత ఎత్తు గీత లేవలేదు. నూకరత్నం వరండా చివర కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి ఇంతమందిని ఇంతమంది పక్కన కూర్చోబెట్టాను, నా పక్కనే ఒక మనిషి గుండె ఇలా కొట్టుకుందా, అని ఆవిడకి ఎంతో అవమానంగా అనిపించింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. ఆ ముసలావిడ ఆ గదిలో ఒంటరిగా పడుకునే పోతుందేమోనని.

కాసేపటికి ప్రద్యుమ్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

“రత్నంగారూ, ఇంక పంపగల మనిషి ఎవరని అడిగితే మిషన్ ఒకే ఒక్క పేరు చూపిస్తోంది.”

ఎవరి పేరో ఆవిడకి అడగక్కర్లేకుండానే తెలుసు. తెలిసినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. రోగుల పళ్లు తినేవాణ్ణి, చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గరికి పంపాలా అంది. ఆయన లోపల చేసేది తప్పయితే వెంటనే వెనక్కి పిలిచేద్దామని, తలుపు బయట ఇద్దరం నిలబడే ఉందామని ప్రద్యుమ్న అన్నాడు. మింగలేక కక్కలేక ఆవిడ సరేనంది.

చిట్టబ్బాయి తాపీగా వచ్చాడు. నూకరత్నం బ్యాడ్జికి అద్దం తలుపు తెరుచుకుంది. కాస్త సందు ఉంచి తలుపు నిలిపేసి, ప్రద్యుమ్నా నూకరత్నం బయట నిలబడ్డారు.

“నమస్కారవండి. నా పేరు చిట్టబ్బాయండి. అబ్బ, ఆ మెట్లెక్కేతలికి ప్రాణం కడబట్టిపోయిందండి బాబూ,” అంటూ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన లిఫ్టులో వచ్చిన సంగతి నూకరత్నానికి తెలుసు. ఆయన చూపు తిన్నగా బల్లమీద ఆసుపత్రివాళ్లు పెట్టిన అరటిపళ్ల మీద పడింది.

“అయి మీరు తినరేటండి?”

“అయ్యో, తీసుకోండి బాబూ. రెండూ తీసుకోండి,” అంది బుల్లెమ్మాయి.

పలకమీద గీత వాలడం మొదలుపెట్టింది. చిట్టబ్బాయి ఒక పండు ఒలుచుకుని నములుతూ కరెంటు స్తంభాల కబుర్లు ఎత్తుకున్నాడు. బుల్లెమ్మాయి తలగడ మీద కాస్త పైకి జరిగింది. ఆయన రెండో పండు కూడా పూర్తిచేశాడు. గీత ఇంకా వాలింది. ప్రద్యుమ్న సంతోషంతో నూకరత్నంవైపు చూశాడు. ఆవిడ పళ్లు కొరుక్కుంటోంది.

అప్పుడు చిట్టబ్బాయి మూతి తుడుచుకుని, ఈ పూట టీ తాగకుండానే వచ్చేశానండి, తల పట్టేసినట్టుగా ఉంది, అన్నాడు. ఇక్కడ టీ ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు.

బుల్లెమ్మాయి మొహం మారిపోయింది. చెయ్యి బల్లమీదికి పోయింది. అక్కడ మందుల డబ్బా తప్ప ఏమీ లేదు. ఆ చెయ్యి తలగడ కిందికి పోయింది, పరుపు అంచున తడిమింది, ఏమీ దొరక్క ఒళ్లోకి వచ్చి పడింది. పలకమీద గీత ఒక్కసారిగా ఎర్రగా మారి పైకి లేచింది. ప్రద్యుమ్న కంగారుగా చిట్టబ్బాయిని వెనక్కి పిలిచే మీట మీదికి వేలు తీసుకెళ్లాడు. నూకరత్నం ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆవిడ గీతని చూడటంలేదు. ఆ ముసలి చేతినే చూస్తోంది. బల్లమీదికి పోయిన చూపులు, తలుపువైపు పోయిన చూపులు, ఇందాక తన ఎదుట కూడా అలాగే తిరిగాయి కదా.

“ఆగండి,” అంది. “ఆవిడ బెదిరిపోటం లేదండి. ఇంటికొచ్చిన మనిషికి చుక్క టీ ఇచ్చుకోలేకపోతున్నానని కొట్టుకుపోతోంది.”

“కాని ఇది ఆసుపత్రి కదా,” అన్నాడు ప్రద్యుమ్న నెమ్మదిగా. “ఆమె ఇల్లు కాదు కదా.”

“ఆ మంచం ఎక్కిన్నాటి నుంచీ అదే ఆవిడిల్లండి. మనమే చుట్టాలం. వస్తాం, కూర్చుంటాం, పచ్చిమంచినీళ్లు ముట్టం, లేచిపోతాం. అలాటి చుట్టం రోజుకి ముగ్గురొస్తే ఏ ఇంటావిడకైనా గుండె దడే వస్తది.”

ప్రద్యుమ్న ఆలోచించాడు. తనకి ఇలాంటిది ఎప్పుడూ ఎదురు కాలేదనీ, అందుకే మిషన్‌కి కూడా తెలియలేదనీ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. మరి వాలంటీర్లు ఎందుకు ఏదీ పుచ్చుకోరు అని అడిగాడు. ఆ కట్టుబాటు పెట్టింది తనే. సువార్తనీ, పాఠాలు చెప్పే ఆవిణ్ణీ, తననీ ఆ గదిలో మర్యాద తెలియని చుట్టాలుగా కూర్చోబెట్టింది తనే. పళ్లు తినే చిట్టబ్బాయి ఒక్కడే ఇన్నాళ్లూ రోగులకి ఇంటివాళ్ల హోదా ఇచ్చాడు. అది ఆయన తెలిసి చేశాడని చెప్పలేం. ఆయనకి ఆకలి ఎక్కువ, అంతే.

ఆవిడ క్యాంటీన్‌కి పరిగెత్తింది. ఆ వయసులో, ఆ ఒళ్లుతో పరిగెత్తడం చూసి లిఫ్టు దగ్గర రోబోలు పక్కకి తప్పుకున్నాయి. ఫ్లాస్కు నిండా టీ, రెండు కప్పులు తెచ్చి బుల్లెమ్మాయి బల్లమీద పెట్టింది. తను పోయలేదు. తన వెంట లోపలికి వచ్చి పోయబోయిన నర్సుని కూడా కళ్లతోనే ఆపింది.

“మీ ఫ్లాస్కేనండి పిన్నిగారూ. మీ గదికి ఇవ్వాల్సింది, ఇవ్వటం మర్చిపోయేం. తప్పు మాదే,” అని బయటికి వచ్చేసింది.

బుల్లెమ్మాయి నర్సుచేత మంచం తల పైకి లేపించుకుంది. కూర్చుంది. ఫ్లాస్కు మూత తీసి కప్పులో పోసింది. కొంత బల్లమీద ఒలికింది. మిగిలింది రెండు చేతుల్తో చిట్టబ్బాయికి అందించింది. ఆయన చప్పరించి, పంచదార తగ్గిందండి అన్నాడు. బయట నూకరత్నం నెత్తి బాదుకుంది. లోపల బుల్లెమ్మాయి నవ్వింది. ఆసుపత్రిలో చేరాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

“రేపు సరిగ్గా పెట్టిస్తాను బాబూ. రేపు కూడా రండి.”

గీత మళ్లీ ఆకుపచ్చగా మారి, వాలి వాలి పలక అడుగున ఆగింది. చిట్టబ్బాయి కప్పు దించి, చొక్కా దులుపుకుని, వెళ్లొస్తానండి అని లేచాడు.

“ఉండండి, అలా వెళ్లిపోతారేంటి,” అంది బుల్లెమ్మాయి. దుప్పటి పక్కకి తీసింది. “గుమ్మం దాకా వస్తాను.”

నర్సుకి ఏం చెయ్యాలో తోచలేదు. నూకరత్నం సైగ చెయ్యగానే పట్టుకు నడిచే ఫ్రేము తెచ్చి మంచం ముందు పెట్టింది. బుల్లెమ్మాయి కాళ్లు కిందికి దించింది. నొప్పికి పెదవి కొరుక్కుంది. లేచింది. ఒక అడుగు, ఆగి ఇంకో అడుగు. చిట్టబ్బాయి ఆవిడ పక్కనే, తనకేమీ తొందర లేనట్టు, ట్రాన్స్‌ఫార్మర్ మీద కోతి ఎక్కిన కథ చెబుతూ నడిచాడు. ముందెళ్లిపోలేదు, చెయ్యి కూడా పట్టుకోలేదు. సాగనంపే మనిషి పక్కన చుట్టం ఎలా నడవాలో అలాగే నడిచాడు.

వాళ్లు మంచం వదిలిన కాసేపటికే వార్డంతా సైరన్ మోగింది. పలకమీద గీత మాయమై, రోగి కనపడటం లేదు అని పెద్ద అక్షరాలు వెలిగాయి. వరండా రెండు చివరల నుంచీ రోబోలు ఉరికి వచ్చి ఖాళీ మంచం చుట్టూ మూగాయి. ప్రద్యుమ్న ఆ సైరన్ ఆపాల్సిందిపోయి, పలక కిందికి దించేసి గుమ్మంవైపే చూస్తూ నిలబడిపోయాడు. బుల్లెమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడి ఆయాసపడుతూ, మళ్లీ రండి బాబూ, అంది. నూకరత్నం ఆ వెనకాలే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఏడుపు ఇందాకటి ఏడుపు కాదు.

ఆ మర్నాడు బుల్లెమ్మాయి చిట్టబ్బాయిని లిఫ్టు దాకా సాగనంపింది. ఛాతీలో గరగర తగ్గింది. నిమ్ము మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నూకరత్నం తన కట్టుబాటుని తనే ఎత్తేసింది. ప్రతి మంచం పక్కనా ఫ్లాస్కు వచ్చింది, కప్పులు వచ్చాయి. ప్రద్యుమ్న యంత్రానికి మళ్లీ పాఠం చెప్పాడు. గీత లేచిన ప్రతిసారీ భయం కాకపోవచ్చు. వచ్చిన మనిషికి ఏదైనా ఇవ్వగానే వాలిపోయే అలజడి ఒకటుంది. దాన్ని ఏమని పిలవాలని ఆయన అడిగితే, మొహమాటం అని పెట్టుకోండి అంది నూకరత్నం. పరదేశాల శాస్త్రవేత్తలకి ఆ మాట నోరు తిరక్కపోయినా, ఆయన తన పరిశోధన పత్రాల్లో దాన్ని అలాగే ఉంచాడు.

వాలంటీర్లకి పుచ్చుకోవడం నేర్పాల్సివచ్చింది. అది ఇవ్వడం నేర్పినంత సులువు కాదు. సువార్తకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఒకరి మంచం పక్కన కూర్చుని మంచినీళ్లు ఇప్పిస్తారా అని అడగబోతే ఆవిడ చెయ్యి సంచిలోని సొంత సీసా మీదికే పోయేది. ఆ శిక్షణకి మేష్టరుగా చిట్టబ్బాయినే పెట్టారు. నూకరత్నం ఆయన బ్యాడ్జి లాక్కోలేదు సరికదా, దాని పట్టీకి హోదా చూపే గీత ఒకటి కుట్టించి ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఆవిడ మొహం చూసినవాళ్లు ఎవరూ నవ్వే ధైర్యం చెయ్యలేదు.

ఇక సాయంత్రాలు చూడాలి. సాగనంపే రోగులతో, వెళ్లనట్టే నిలబడే వాలంటీర్లతో వరండాల్లో మందులబండ్లు కదిలేవి కావు. గుమ్మం దగ్గర మొదలైన కబుర్లు లిఫ్టు దగ్గర పుంజుకునేవి. నడిపించే రోబోలు పనిలేక మూల చేరాయి. షుగరు పెరిగిందని ఇద్దరు ముగ్గురు వాలంటీర్లని డాక్టర్లు మందలించారు. రోగులు మాత్రం ఇదివరకటి కన్నా తొందరగా లేచి, తొందరగా ఇళ్లకి పోతున్నారు.

అక్కడే యంత్రం ఎవరూ అనుకోని దెబ్బ కొట్టింది.

వానాకాలం వెళ్లి చలి మొదలయ్యే వేళకి ప్రద్యుమ్న ఒకరోజు దిగాలుగా మొహం పెట్టుకుని నూకరత్నం గదికి వచ్చాడు. రోగులు కోలుకోవడం బ్రహ్మాండంగా ఉంది. వాలంటీర్లే కరిగిపోతున్నారు. యంత్రం ఎవరికి ఎవర్ని ఎంత బాగా జతచేస్తే వాళ్లు అంత త్వరగా రావడం మానేస్తున్నారు. ఈ లెక్క ఏమిటో తనకి అంతుపట్టడం లేదన్నాడు. నూకరత్నం ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఒకావిడ తను కూర్చున్న రోగి ఇంట్లో అరిసెలు వండటానికి సాయం వెళ్లింది. భజన పాటలాయన ఇంకొకరింట పేకాటలో ఉన్నాడు. కోలుకున్న రోగి ఇంటికి పోతూ పోతూ, మా ఇంటికి రండి అంటున్నాడు. వీళ్లు వెళుతున్నారు. చుట్టంగా కూర్చోవడం నేర్పిన మనుషులు నిజంగానే చుట్టాలైపోయారు. చిట్టబ్బాయి, సువార్త ఎక్కడున్నారంటే ఇద్దరూ రేవు పక్క క్వార్టర్సులో ఉన్నారని తెలిసింది.

నూకరత్నం ఒంటికాలి మీద లేచింది. బ్యాటరీ పడవ ఎక్కి రేవుకి బయల్దేరింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. అక్కడ వార్డుల్లో పలకరించే దిక్కులేక మనుషులు పడి ఉన్నారు, మీరు ఇక్కడ టీలు తాగుతున్నారా, సేవ అంటే ఇదేనా, అని గట్టిగా అడగాలి. హాస్టల్లో పిల్లలు గోడ దూకినప్పుడు వాడిన గొంతు వాడాలి. పడవ దిగేసరికి మాటలన్నీ నాలుక చివరకి వచ్చి ఉన్నాయి.

తలుపు తీసే ఉంది. లోపల సువార్త గ్లాసు పట్టుకుని, ఎవరూ బలవంతపెట్టకుండానే తాగుతోంది. చిట్టబ్బాయి కుర్చీలో కునుకు తీస్తున్నాడు. పడవ తప్పిపోయినవాళ్లు కాబోలు, ఒక జంట చాపమీద కూర్చుని ఉంది. వంటింట్లో ఉన్న బుల్లెమ్మాయి అలికిడికి తొంగిచూసి, నూకరత్నాన్ని చూడగానే గబగబా ఎదురొచ్చింది. చేతిలో ఫ్రేము లేదు, కర్ర లేదు.

నూకరత్నం కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

“నడిచేస్తున్నారే పిన్నిగారూ,” అంది.

“నడవకపోతే ఇంతమందినీ ఎవరు చూస్తారమ్మా. రండి, కూర్చోండి. ఇదేనా రావటం?”

నూకరత్నం చాపమీద కూర్చుంది. గ్లాసు చేతికొచ్చింది. ఒకరింట ఇలా కూర్చుని ఎన్నేళ్లయిందో ఆవిడకి గుర్తురాలేదు. వేడి గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని వచ్చిన సంగతి మెల్లిగా చెప్పింది. వార్డుల్లో మనుషులు చాలడం లేదంది. దానికేం భాగ్యం, రేపట్నించి తనూ వస్తానంది బుల్లెమ్మాయి. నడవడం ఎలాగూ వచ్చింది, వెళ్లి కూర్చుంటాను, ఎవరో ఒకరు టీ ఇవ్వకపోతారా, అంది. నిద్రలోంచే చిట్టబ్బాయి, ఆ క్యాంటీన్ టీ ఏం బావుండదండి, అన్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. ప్రద్యుమ్న. మూడో వార్డుకి రేపు మనిషి లేరని మిషన్ చూపిస్తోందనీ, ఆరో వార్డుకి ఉన్న ఒక్కరూ చాలరనీ కంగారు పడుతున్నాడు.

“వాళ్లు దొరికారా రత్నంగారూ? ఎవరెవరు వస్తారో అడిగారా?”

“అడుగుతానండి,” అంది నూకరత్నం. “ముందు టీ తాగనివ్వండి.”

ఫోన్ పక్కన పెట్టేసి, పంచదార కాస్త తగ్గిందండి పిన్నిగారూ, అని గ్లాసు ముందుకి చాపింది.